గుడ్డుకి అటు సూర్యుడు, ఇటు చంద్రుడు

ఇప్పుడంటే ఎవరేం అడిగినా "చూద్దామండీ" అని ఒక మాట అడ్డం వేసుకునే తెలివి వచ్చింది గానీ, ఆ రోజుల్లో నాకు "చూద్దాం" అనే మాటే తెలియదు. ఎవరు ఏ పని చెప్పినా "ఎంతసేపండీ!" అనేసేవాణ్ణి. మాదాపూర్‌లో అద్దాల మేడలో ఉద్యోగం, మెడలో ఐడీ కార్డు (ఆదివారం కూరగాయలకు వెళ్లినా అది మెడలోనే ఉండేది, ఎందుకో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది), లోకంలో ఏ చిక్కయినా ఒక వీడియో చూసి రెండు వైర్లు కలిపితే తీరిపోతుందన్న ధీమా. ఆ ధీమాతోనే నేను ఒకసారి, అక్షరాలా మూడు వారాలపాటు, కోడిపెట్ట ఉద్యోగం చేశాను. ఆ ఉద్యోగం నా బయోడేటాలో ఎక్కడా ఉండదు. కానీ నేను చేసిన ఉద్యోగాలన్నింటిలోనూ మనసు పెట్టి చేసింది అదేనేమో అని అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

కరోనా తగ్గి ఆఫీసులు మళ్లీ తెరిచిన కొత్తలు. వారంలో కొన్ని రోజులు ఆఫీసుకు వెళ్లాలి, మిగతా రోజులు ఇంటి నుంచి పని. నేనూ, ఇంకొకడూ కలిసి మణికొండలో ఒక నాలుగంతస్తుల ఇంటి డాబా మీది గదిలో ఉండేవాళ్లం. టూలెట్ బోర్డు మీద దాన్ని పెంట్‌హౌస్ అని రాశారు. ఏప్రిల్ నెలలో దాన్ని పెనం అన్నా ఎవరూ కాదనరు. నాతో ఉన్నవాడిది సిద్దిపేట దగ్గర పల్లె. అందరినీ "కాకా" అని పిలిచేవాడు కాబట్టి అందరం కలిసి వాడికే ఆ పేరు ఖాయం చేశాం. నాది తణుకు వైపు. నేను పొద్దున ఆఫీసుకు వెళ్లి చీకటి పడే వేళకు తిరిగి వచ్చేవాణ్ణి. వాడిది అమెరికా వేళలకు నడిచే షిఫ్టు. మధ్యాహ్నం అన్నం తిని బయలుదేరితే వాడు తిరిగొచ్చేది నేను నిద్రలో ఉన్నప్పుడు. అందుకే మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ గొడవ రాలేదు, ఈ గుడ్లు వచ్చేదాకా.

ఇంటి ఓనరు గారి తల్లిని ఆ వీధి వీధంతా పెద్దమ్మ అనేది. మణికొండలో మేడలు లేవక ముందు, అక్కడ జొన్న చేలు ఉన్నప్పుడు, ఆ ఇంటికి కోడలిగా వచ్చిన మనిషి. కొడుకు కింది అంతస్తులో ఏసీ పెట్టించి ఇచ్చినా ఆవిడ పగలంతా డాబా మీదే ఉండేది. అక్కడ ఆవిడకు ఒక నల్లకోడి, ఒక ఎర్ర పుంజు ఉండేవి. ఆ పుంజుకి మా ఆఫీసు మీటింగుల వేళలన్నీ తెలుసు. నేను నోరు తెరిచి "గుడ్ మార్నింగ్ ఎవ్రీవన్" అనడమే ఆలస్యం, కిటికీ పక్కకు వచ్చి కూసేది. నల్లకోడి మాత్రం మర్యాదస్తురాలు. గుడ్డు పెట్టినప్పుడు తప్ప గొంతు ఎత్తేది కాదు.

ఒక సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి పెద్దమ్మ డాబా మెట్ల మీద కూర్చుని ఉంది. ఒళ్లో ఒక గిన్నె, గిన్నెలో తవుడు, తవుడులో గుడ్లు. ఆ వేళ కాకాగాడికి సెలవు, వాడు పక్కన గోడకానుకుని నిలబడి నాకేసి సైగ చేశాడు, మాట్లాడొద్దని.

"పోయింది బిడ్డా" అంది పెద్దమ్మ. "మెట్లు దిగి రోడ్డు మీదికి పోయిందట. కుక్క కొంచబోయింది. పొదగేద్దామని గుడ్లు దాచిన. రేపో మాపో కూసునేది."

నాకు ఓదార్చడం చేతకాదు. "ఊరుకోండి పెద్దమ్మా, అచ్చం అలాంటిదే ఇంకోటి కొనుక్కుందాం" అన్నాను.

ఆవిడ నా వైపు జాలిగా చూసింది. "కొన్నదాన్ని ఏం జేసుకోను? నేను ఈ ఇంటికి వచ్చిన్నాడు మా అవ్వ గంపల పెట్టిచ్చిన నల్లకోడి సంతు బిడ్డా ఇది. దాని పిల్ల, దాని పిల్ల, గట్ల కాపాడుకుంట వచ్చిన. మా తల్లిగారింట్ల ఇగ ఎవ్వరు లేరు. గా ఇల్లు గూడ లేదు. గిదొక్కటి ఉండె." గుడ్ల మీద తవుడు సర్దుతూ, "వీటిని పొదగేద్దామంటె పొదుగు కోడి యాడ దొరుకుతది, ఈ బిల్డింగులల్ల?" అంది.

అప్పుడు నా నోరు ఊరుకుందా? ఊరుకోలేదు. "ఎంతసేపండీ పెద్దమ్మా! ఆ గుడ్లు ఇలా ఇవ్వండి. పిల్లల్ని నేను చేసి ఇస్తాను" అనేశాను.

పెద్దమ్మ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "నువ్వా? నువ్వెట్ల కూసుంటవు బిడ్డా వాటి మీద?"

కాకా గోడ వైపు తిరిగి దగ్గు నటించాడు. కానీ ఆవిడ కళ్లలో ఆ ఒక్క క్షణం ఏదో మెరిసింది, అది చూశాక ఇక నేను వెనక్కి తగ్గే దారి లేకపోయింది. అప్పుడు గానీ నాకు భయం వేయలేదు. ఎక్కడో ఎవరో వాడే వెబ్‌సైటు పాడైతే మళ్లీ బాగుచేయొచ్చు. ఆవిడ పుట్టింటివాళ్లు ఇచ్చిన చివరి వస్తువుని నేను ఇప్పుడు తవుడు గిన్నెలో పట్టుకుని నిలబడ్డాను.

మర్నాడే ఒక థర్మకోల్ పెట్టె, బల్బు, వేడి ఎక్కువైతే బల్బును తానే ఆర్పేసే చిన్న పరికరం, పాత కంప్యూటరులోంచి ఊడదీసిన ఫ్యాను, తడి కోసం లోపల ఒక నీళ్ల గిన్నె, లోపలికి చూడటానికి పెట్టెకు ఒక చిన్న అద్దం కిటికీ, అన్నీ కుదిరాయి. ఇంతవరకూ నా ధీమాకు ఢోకా లేదు. గుడ్లను తిప్పడానికి కూడా ఒక మోటారు పెట్టాను (ఆఫీసులో నా పనే అది, మనుషులు చేతులతో చేసేవాటిని యంత్రాలతో చేయించడం). ముందుగా కిరాణా కొట్టు గుడ్డు పెట్టి చూశాం. మోటారు దాన్ని ఎంత ఉత్సాహంగా తిప్పిందంటే, గుడ్డు వెళ్లి అవతలి గోడకు కొట్టుకుని పెట్టెలోనే ఆమ్లెట్ అయింది. "కాకా, చేతులు ఉన్నయి గద మనకు" అన్నాడు వాడు, తడిగుడ్డతో తుడుస్తూ. అలా చేతులే ఖాయమయ్యాయి.

గుడ్లు పెట్టేటప్పుడు నేను ఇంకో ఘనకార్యం చేశాను. అందంగా ఉంటుందని అన్నింటినీ అట్ట ట్రేలో కొన పైకి వచ్చేలా నిలబెట్టాను, గుడి గోపురాల్లాగ. ఫొటో తీసి మా అమ్మకు పంపితే "చక్కగా ఉన్నాయిరా నాన్నా" అని మురిసిపోయింది. మర్నాడు కాకా ఫోనులో ఏదో చదువుతూ హఠాత్తుగా లేచి కూర్చున్నాడు. "ఏందిరా నువ్వు చేసింది? లావు దిక్కు పైకుండాలంట. గాలి ఆ దిక్కే ఉంటదంట. పిల్ల తలకాయ ఆడికే తెచ్చుకుని, ఆడనే పొడుచుకుని బయటికొస్తదంట. నువ్వు అందరిని తలకిందులు నిలవెట్టినవ్!"  ఇద్దరం కూర్చుని ఒక్కో గుడ్డునూ తీసి, మెత్తటి తువ్వాలు మీద అడ్డంగా పడుకోబెట్టి, లావు వైపు కాస్త ఎత్తుగా ఉండేలా కింద గుడ్డపేలిక మడిచి పెట్టాం. పెట్టిన ప్రతి గుడ్డుకీ నేను లోలోపల సారీ చెప్పుకున్నాను. ఒక రోజుకేం కాదని కాకా అన్నాడు గానీ, వాడి గొంతులో కూడా అంత నమ్మకం లేదు.

ఇక తిప్పడం. గుడ్డును కదపకుండా వదిలేస్తే లోపలి పిల్ల పెంకుకు అంటుకుపోతుందట. అందుకని రోజుకు మూడుసార్లు, ఈ పక్క నుంచి ఆ పక్కకు తిప్పాలి. మూడే ఎందుకంటే, రాత్రంతా గుడ్డు ఒకే వైపు పడి ఉంటుంది కదా. రెండుసార్లో నాలుగుసార్లో తిప్పితే ప్రతి రాత్రీ అదే వైపు పైకి వస్తుంది. బేసి సంఖ్యలో తిప్పితే ఒక రాత్రి ఈ వైపు, మరుసటి రాత్రి ఆ వైపు. (దీన్ని నేను పెద్దమ్మకు సరి సంఖ్య, బేసి సంఖ్య అంటూ బొమ్మ గీసి మరీ వివరించాను. ఆవిడ మొత్తం విని, "తిన్నవా బిడ్డా?" అని అడిగింది.) పొద్దున నేను, మధ్యాహ్నం ఆఫీసుకు వెళ్లేముందు కాకా, సాయంత్రం మళ్లీ నేను. తిప్పగానే ఫోనులో ఒకరికొకరం "తిప్పాను, ఫలానా వైపు పైన" అని మెసేజి పెట్టుకోవాలి. ఆఫీసులో ఒక షిఫ్టువాళ్లు ఇంకో షిఫ్టుకు పని అప్పజెప్పినంత పద్ధతిగా అన్నమాట.

ఏ వైపు పైన ఉందో తెలియాలి కాబట్టి ప్రతి గుడ్డుకూ ఒక వైపు టిక్కు, రెండో వైపు ఇంటూ గుర్తు పెన్సిలుతో పెట్టాను. అది చూసి పెద్దమ్మ మొహం చిన్నబోయింది.

"ఏందయ్యా ఇది? పిల్ల ఇంక పుట్టనే లేదు. అప్పుడే తప్పని ఇంటూ కొట్టినవా?"

నాకు నిజంగానే బాధేసింది. వెంటనే రబ్బరు తెచ్చి అన్నీ చెరిపేసి, ఒక వైపు కిరణాలతో సహా సూర్యుణ్ణి, రెండో వైపు నెలవంకనూ వేశాను. పెద్దమ్మ ఒక్కో గుడ్డూ చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ చూసి, "ఇప్పుడు మంచిగున్నది" అంది. పిడుగు శబ్దానికి పిల్ల బెదరకుండా ఉండాలని ఒక ఇనుప మేకు తెచ్చి పెట్టె మీద పెట్టి కిందికి వెళ్లింది. ఆవిడను సంతోషపెట్టానని నేనూ మురిసిపోయాను. ఆ సూర్యచంద్రులే మా కొంప ముంచబోతున్నారని అప్పుడు నాకేం తెలుసు.

మొదటి వారం గడిచాక గది చీకటి చేసి ఫోను టార్చి మీద గుడ్లను ఒక్కొక్కటీ పెట్టి చూశాం. రెండు ఒట్టివి, లోపల ఏమీ లేదు, వాటిని తీసేశాం. మిగతా వాటిలో ఎర్రటి నరాలు అల్లుకుని, మధ్యలో ఒక నల్లచుక్క కదులుతోంది. పెద్దమ్మ టార్చి మీదికి వంగింది. జీవితమంతా కోళ్లను పొదగేసిన మనిషి, పెంకు లోపల ఏం జరుగుతుందో ఇలా చూడటం అదే మొదటిసారి. "కండ్లు గూడ కనవడుతున్నయి బిడ్డా" అని మాత్రం గుసగుసగా అంది. ఆ రోజు నుంచి నాకూ కాకాకూ కింది నుంచి రోజూ కూర వచ్చేది.

గొడవ రెండో వారంలో మొదలైంది. పొద్దున నేను తిప్పి, చంద్రుడు పైన అని మెసేజి పెట్టి ఆఫీసుకు వెళ్తాను. మధ్యాహ్నం కాకా పెట్టె తెరిస్తే సూర్యుడు పైన ఉంటాడు. "నువ్వు తిప్పకుండనే తిప్పిన్నని పెడుతున్నవ్" అని వాడు. "ఒట్టు, తిప్పాను రా" అని నేను. సాయంత్రం సూర్యుణ్ణి పైకి తెచ్చి, టీ బండి దాకా వెళ్లొచ్చి చూస్తే నెలవంక నన్ను చూసి నవ్వుతుంటుంది. కాకా ఇంట్లోనే లేడు, మరి తిప్పిందెవరు? నా మతిమరుపేమోనని నన్ను నేనే అనుమానించుకున్నాను. కాకా అయితే మా గదిలో ఇంతకుముందు ఎవరైనా పోయారా అని వాచ్‌మన్‌ను అడిగి వచ్చాడు. ఎన్నడూ మాట మాట అనుకోని మేం, తొమ్మిది గుడ్లలో మిగిలిన ఆ ఏడు గుడ్ల కోసం రెండు రోజులు మొహాలు చూసుకోవడం మానేశాం.

ఆ గుట్టు బయటపడింది మా ఆఫీసు మీటింగులో. ఆ రోజు నాది ఇంటి నుంచి పని. సాయంత్రం మా మేనేజరు మేడమ్, ఇంకో పదిమంది టీమువాళ్లు లైన్లో ఉన్నారు. నేను చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని, గుడ్ల పెట్టెకు వీపు పెట్టి, మూడు నెలలుగా చేసిన పని గురించి గొప్పగా కోతలు కోస్తున్నాను. మధ్యలో ఎవరో "ఎవరి మైకులోనో క్లొక్ క్లొక్ మంటోంది, మ్యూట్ చేసుకోండి" అన్నారు. అది నేను కాదనుకుని ఇంకా గొంతు పెంచాను. స్లైడు మారింది. అప్పుడు మేడమ్ అంది, "ఒక్క నిమిషం ఆగండి. మీ వెనకాల ఎవరో ఉన్నారు."

"అదీ వస్తుంది మేడమ్, తరవాత స్లైడులో..."

"స్లైడు కాదండీ బాబూ, మీ గదిలో! ఎవరో పెద్దావిడ గుడ్లతో మాట్లాడుతున్నారు."

హెడ్‌ఫోన్లు తీసి వెనక్కి తిరిగాను. పెద్దమ్మ పెట్టె మూత పక్కన పెట్టుకుని, ఒక్కో గుడ్డునూ నెమ్మదిగా తిప్పి నెలవంకను పైకి తెస్తూ, గొంతులోంచి అచ్చం పొదుగు కోడి లాగ "క్లొక్... క్లొక్..." అంటోంది. మధ్య మధ్య "పండుకోండ్రి బిడ్డా, పొద్దుగూకింది" అని చెబుతోంది. నేను గాల్లోకి మాట్లాడుతుంటే ఫోనులో ఉన్నానేమోనని పాపం చప్పుడు చేయకుండా వచ్చిందట.

"పెద్దమ్మా! ఏం చేస్తున్నారండీ?"

"ఏమైంది? రాత్రయితుంటె మీరు సూర్యున్ని గట్లనే వదిలేస్తిరి. మీద సూర్యుడుంటె పిల్లలకు నిద్ర ఎట్ల వడుతది? రోజు నేనే సదురుతున్న."

"రోజూనా?"

"రోజు. పొద్దుగాల నువ్వు లేవకముందు ఒకపారి, నువ్వు పోయినంక ఒకపారి, చందమామ మీదుంటె సూర్యున్ని వెడత. మీరు ఆగమాగం ఉరుకుతుంటరు, మీకేం యాదుంటది. ఆ పిలగాడేమో పన్నెండు దాంక గురక వెడుతడు."

ల్యాప్‌టాపులోంచి పదిమంది నవ్వు వినబడింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. నేను కష్టపడి లెక్కకట్టిన సరీ బేసీ అంతా ఆవిడ ఒక్క చేత్తో తుడిచేసింది. అంటే ఇన్నాళ్లుగా ప్రతి రాత్రీ చంద్రుడే పైన. ప్రతి రాత్రీ ఒకే వైపు. ఏది జరగకూడదని మూడుసార్లు తిప్పుతున్నామో, అదే జరిగింది. ఆ కంగారులో "అయ్యో, అలా తిప్పకూడదండీ! పిల్లలు పెంకుకు అంటుకుపోతాయి" అని అరిచేశాను.

పెద్దమ్మ చేయి గాల్లోనే ఆగిపోయింది. "పాడైనయా బిడ్డా?" అంది. "మా అవ్వ ఇచ్చినదాన్ని నా చేతులతోటే ఖరాబు జేసుకున్ననా?"

ఆ మాటకు అరిచిన నోరు పడిపోతే బాగుండు అనిపించింది. మీటింగు ఉన్న సంగతి మరిచిపోయి, గది లైటు ఆర్పి, టార్చి వెలిగించి, ఒక గుడ్డు పెట్టాను. లోపలంతా చిక్కటి నీడ. ఏమీ కదలడం లేదు. ఇద్దరం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. కాసేపటికి ఆ నీడ ఒక మూల నుంచి ఒక్క ఉదుటున తన్నింది. "అగో!" అంది పెద్దమ్మ. రెండోది పెట్టాను, అదీ తన్నింది. ఏడింటినీ చూసేదాకా మేం లైటు వేయలేదు. వేశాక చూస్తే మీటింగులో ఒక్కరు కూడా కదల్లేదు. "బతికే ఉన్నాయా? ఎప్పటికి పుడతాయి?" అని మేడమే అడిగింది. మూడు నెలల నా పని మీద ఒక్క ప్రశ్న కూడా రాలేదు గానీ, ఆ రోజు గుడ్ల మీద అరగంట చర్చ జరిగింది.

కాకాకు ఫోను చేస్తే వాడు ముందు పడీ పడీ నవ్వాడు, ఆ తరవాత తేల్చి చెప్పాడు. "ఫికర్ చెయ్యకు. మనం మూడుసార్లు తిప్పినం, పెద్దమ్మ ఇంకో మూడుసార్లు తిప్పింది. కోడి గూడ గంతే గద, ఊకె కదుపుతనే ఉంటది. మన గుడ్లకు ఒక తల్లి కాదు, ముగ్గురు తల్లులు." దయ్యం గురించి వాచ్‌మన్‌ను అడిగిన సంగతి మాత్రం ఇక ఎత్తొద్దన్నాడు.

నేను పెద్దమ్మ పక్కన కూర్చుని ఈసారి బొమ్మలు గీయకుండా చెప్పాను. "రాత్రంతా ఒకే పక్కకు పడుకుంటే మనకు చేయి తిమ్మిరెక్కదా అండీ? వాటికీ అంతే. ఒక రాత్రి ఇటు, ఒక రాత్రి అటు."

"గట్ల చెప్పాలె గద మొదలే" అంది ఆవిడ. "నువ్వేమో సరి అంటివి, బేసి అంటివి." మర్నాటి నుంచి ఆవిడ కూడా మా షిఫ్టులో చేరింది. అయితే సూర్యుడు పైన ఉండే రాత్రుళ్లు మాత్రం తన పాత నల్లచీర ఒకటి తెచ్చి పెట్టె కిటికీ మీద కప్పేది. "సూర్యుడుంటె ఉండనీ. నేను చీకటైతె చేసిన గద!"

చివరి మూడు రోజులు గుడ్లు తిప్పకూడదు, మూత కూడా తీయకూడదు. పిల్ల తల సర్దుకుని బయటికి వచ్చే దారి చూసుకునే సమయమది. ఈ సంగతి చెబితే పెద్దమ్మ ఒప్పుకుంది గానీ, ఆవిడ చేతులు ఒప్పుకోలేదు. పెట్టె ముందు కూర్చుని, చేతులు ఊరుకోవడం లేదని దూది తెచ్చుకుని దీపం ఒత్తులు చేసేది. ఆ మూడు రోజుల్లో చేసిన ఒత్తులతో ఆ వీధి వీధంతా కార్తీక మాసం వెళ్లదీసింది. నేను నవ్వాను గానీ, నా సంగతీ అంతే. ఆఫీసులో కూర్చుని గంటగంటకూ కాకాకు ఫోను చేసి "ఏమైనా చప్పుడు వస్తోందా?" అని అడిగేవాణ్ణి. నా టీమువాళ్లు నన్ను అడిగేవాళ్లు.

ఒక ఆదివారం పొద్దున, బయట ముసురు పట్టి ఉంది. పెట్టెలోంచి సన్నగా "చీ" అని వినబడింది. ముగ్గురం కిటికీ దగ్గర తలలు కలిపి చూశాం. ఒక గుడ్డు మీద నెర్రె. లావు వైపే! నేను కాకాను గట్టిగా వాటేసుకున్నాను. (తలకిందులుగా నిలబెట్టిన ఆ ఒక్క రోజూ ఇన్నాళ్లూ నా గుండెల్లో ములుకులా ఉంది మరి.) సూర్యుడి బొమ్మ మధ్యకు పగిలి, తడిసి ముద్దయిన ఒక పిల్ల బయటికి దొర్లింది. ఆ తరవాత ఇంకోటి. సాయంత్రానికి ఆరు పిల్లలు ఆరి, బొద్దుగా తయారై, ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయి. పసుపువి కొన్ని, గోధుమరంగు చారలవి కొన్ని. అన్నీ పుంజు పోలికే. నల్లది ఒక్కటీ లేదు.

పెద్దమ్మ "బంగారాలు, బంగారాలు" అంటూనే ఉంది. కానీ ఆవిడ కళ్లు మాటిమాటికీ మూలన ఉన్న ఏడో గుడ్డు మీదికే పోతున్నాయి. దాని మీద నెర్రె లేదు, దాన్లోంచి చప్పుడు లేదు. మర్నాడు పొద్దునా అంతే. కాకా నా వైపు చూశాడు. వాడి మనసులో మాట నాకు తెలుసు, నా మనసులోనూ అదే ఉంది. ఇక తీసి పారేయడమే అని పైకి అనడానికి ఇద్దరికీ నోరు రాలేదు. "పగలగొట్టి చూడు బిడ్డా" అంది పెద్దమ్మ. అంతకుముందయితే "ఎంతసేపండీ" అనేవాణ్ణే. ఆ రోజు మాత్రం నా నోట వేరే మాట వచ్చింది. "ఇంకొంచెం చూద్దామండీ."

పెద్దమ్మ ఒత్తులు పక్కన పెట్టి, మొహం పెట్టె కిటికీకి ఆనించి, మెల్లగా మొదలుపెట్టింది. "క్లొక్... క్లొక్... రా బిడ్డా. రా." పుట్టిన ఆరూ ఆ పిలుపుకి పరుగెత్తుకొచ్చి కిటికీ దగ్గర మూగాయి. ఆవిడ ఆపలేదు. కాకా ఆఫీసుకు బయలుదేరాల్సిన వేళ దాటిపోయింది, వాడు బూట్లు వేసుకుని అలాగే నిలబడిపోయాడు. అప్పుడు ఆ మూలన ఉన్న గుడ్డు, ఎవరూ ముట్టుకోకుండానే, కొంచెం కదిలింది. లోపలి నుంచి చాలా సన్నటి జవాబు వచ్చింది.

సాయంత్రానికి అది బయటపడింది. ఒళ్లంతా నలుపు, పొట్ట కింద మాత్రం కాస్త తెలుపు. పెద్దమ్మ దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, "అచ్చినవా అవ్వా" అంది, అంతే. ఆవిడ ఏడవలేదు. నేనే డాబా అవతలికి వెళ్లి, ఆరేసిన బట్టలు వాన రాకముందు తీస్తున్నట్టు కాసేపు నటించాల్సి వచ్చింది. (ముసురులో బట్టలు ఎవరు ఆరేస్తారని కాకా తరవాత అడిగాడు.)

ఆ తరవాత కాకా బెంగళూరు వెళ్లాడు. నాకు పెళ్లయి మదీనాగూడకు మారాను. ఐడీ కార్డు ఇప్పుడు బ్యాగులో ఉంటుంది. మొన్న ఒక సాయంత్రం మణికొండ వైపు పని పడితే ఆ ఇంటికి వెళ్లాను. లిఫ్టు పెట్టించారు, అయినా మెట్లెక్కే వెళ్లాను. పెద్దమ్మ డాబా మీదే ఉంది, కాస్త వంగింది, అంతే. "రా బిడ్డా, సల్లగున్నవా? మంచి యాళ్లకు వచ్చినవ్" అంటూ నన్ను నీళ్ల ట్యాంకు వెనక్కి తీసుకెళ్లింది. అక్కడ గంపలో, గడ్డి మీద, నల్లకోడి దర్జాగా పొదుగు కూర్చుని ఉంది. ఆ రోజు మా అందరినీ పరేషాన్ చేసిన ఏడో గుడ్డు తాలూకు మహారాణి.

అది కాస్త పక్కకు కదిలినప్పుడు కింద గుడ్లు కనబడ్డాయి. ప్రతి గుడ్డు మీదా పెన్సిలు గీతలు. వంకర కిరణాలతో సూర్యుళ్లు, లావుపాటి నెలవంకలు. నాకు నవ్వాగలేదు. "ఇదేంటండీ పెద్దమ్మా? కోడి ఉంది కదా, అదే తిప్పుకుంటుంది. ఈ బొమ్మలెందుకు?"

"తిప్పుకుంటది" అంది ఆవిడ. "నువ్వు చేసిన పద్ధతి గద బిడ్డా, నేనెందుకు ఇడుస్తా?"

నేను గంప ముందు గొంతుక్కూర్చున్నాను. పొద్దు వాలుతోంది, అద్దాల మేడల్లో దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. గంప అంచున ఒక గుడ్డు మీద ఇంకా సూర్యుడే పైన ఉన్నాడు. ఎందుకో నా చేయి ఊరుకోలేదు. పొద్దుగూకింది కదా, పిల్లకు నిద్ర పడుతుందో లేదోనని మెల్లగా ముందుకు చాచాను. నల్లకోడి ఒక్క పోటు పొడిచింది. పెద్దమ్మ పగలబడి నవ్వింది. వేలు నోట్లో పెట్టుకుని నేనూ నవ్వాను. ఆ ఉద్యోగం నుంచి నన్ను తీసేసి కొన్నేళ్లయిందని, ఇప్పుడు అసలైనవాళ్లు వచ్చారని, అంతకన్నా మర్యాదగా నాకు ఎవరు మాత్రం చెప్పగలరు.